కిటికీ లేని బాత్రూంలో ఆవిరి, చెమ్మ: అపోహలు - వాస్తవాలు

అపార్ట్‌మెంట్లలో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు బిగించడం, వాటి పైపు పనులు చూడడం నా వృత్తి. ఫోన్ చేసేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే, ఇంకా పెద్ద ఫ్యాన్ ఏది వేయించమంటారు అని.

అపోహ: ఫ్యాన్ పెద్దదైతే ఆవిరి అదే పోతుంది.

పోదండీ. లోపలికి గాలి రాకపోతే ఫ్యాన్ దేన్ని బయటికి పంపుతుంది? మన బాత్రూముల్లో నీళ్లు గదిలోకి రాకుండా గ్రానైట్ గడప పెడతారు, తలుపు దానికి ఆనుకుని గట్టిగా పడుతుంది, ఇక కిటికీ ఎలాగూ లేదు. తలుపు మూసి ఫ్యాన్ వేసి, దాని జాలీ దగ్గర ఒక టిష్యూ పేపర్ పెట్టి చూడండి. అంటుకుంటే సరే. జారి పడిపోయి, తలుపు కాస్త తెరవగానే అంటుకుందంటే లోపం ఫ్యాన్‌లో లేదు. తలుపు అడుగున ముప్పావు అంగుళం సందు వదలండి, లేదా కింది భాగంలో జాలీ పెట్టించండి. తలుపు తెరిచినా పేపర్ నిలవకపోతే, ఫ్యాన్ నుంచి గాలిని బయటికి తీసుకెళ్లే పైపు చూడాలి. ఫాల్స్ సీలింగ్ విప్పితే కొన్నిచోట్ల అసలు పైపే ఉండదు, ఆవిరంతా సీలింగ్ పైనే తిరిగి బోర్డులు నల్లగా బూజుపట్టి ఉంటాయి. ఇంకొన్నిచోట్ల మడతల పైపు మధ్యలో వేలాడి, ఆ వంపులో నీళ్లు నిలిచి దారి మూసుకుపోతుంది.

5×8 అడుగుల బాత్రూంకి నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలి నిజంగా బయటికి పోతే చాలు. ఫ్యాన్ డబ్బా మీద రాసిన అంకె పైపు తగిలించకముందుది, తగిలించాక అంత గాలి పోదు.

అపోహ: స్నానం కాగానే ఫ్యాన్ ఆపేయాలి, లేకపోతే కరెంటు బిల్లు.

40 వాట్ల ఫ్యాన్ రోజూ అరగంట తిరిగితే నెలకు ఒక యూనిట్ కూడా కాదు. విశాఖలాంటి చోట వానాకాలంలో గంట తిప్పినా తప్పులేదు. దానికంటే ముందు నేల మీది నీళ్లు వైపర్‌తో లాగేయండి, బకెట్ స్నానాల ఇళ్లలో చెమ్మకు అదీ ఓ కారణమే.

అపోహ: ఉప్పు గిన్నె, కర్పూరం చెమ్మను పీల్చేస్తాయి.

కర్పూరం వాసన మాత్రమే ఇస్తుంది. ఉప్పు పీల్చేది ఓ మూల అల్మరాకి సరిపోవచ్చు, రోజూ వేడినీళ్లు పోసుకునే గదికి కాదు.

అపోహ: గోడ మీద మచ్చలన్నీ ఆవిరివల్లే.

మచ్చ మీద అల్యూమినియం ఫాయిల్ ముక్క పెట్టి నాలుగు వైపులా టేప్ వేసి రెండు రోజులు వదిలేయండి. మీ వైపు తడి పడితే ఆవిరి. ఫాయిల్ వెనక, గోడ వైపు తడి ఉంటే లీకేజీ, అప్పుడు ఫ్యాన్ మార్చి డబ్బు తగలేయకుండా ప్లంబర్‌ని పిలవండి, పై ఫ్లాట్ వాళ్లతోనూ మాట్లాడండి.

అపోహ: ఎగ్జాస్ట్ ఉంది కదా, గ్యాస్ గీజర్ లోపలే పెట్టుకోవచ్చు.

వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, మూసిన గదిలో మనిషి స్నానం చేస్తూనే కుప్పకూలిపోతాడు. గాలి చాలని గదిలో ఫ్యాన్ లాగితే కాలిన వాయువు తిరిగి లోపలికే రావచ్చు కూడా. గీజర్‌ని గాలి బాగా ఆడే బాల్కనీలోకి మార్చి, వేడినీళ్ల పైపు లైన్ ఒకటి లోపలికి లాగించుకోండి.