బొమ్మ పడవల తయారీ: అపోహలు – వాస్తవాలు

పాఠశాలల్లో పిల్లల చేత కాగితం, అట్ట, థర్మోకోల్‌లతో పడవలు చేయించడం నా పని. సైన్సు ప్రదర్శనలు దగ్గర పడ్డాయంటే చాలు, తల్లిదండ్రుల నుంచి ఒకటే ప్రశ్న: "పడవ ఒరిగిపోతోందండీ, బరువు ఇంకా తగ్గించమంటారా?"

అపోహ: బరువు తగ్గిస్తే పడవ ఒరగదు.

వాస్తవం: మునగడం వేరు, ఒరగడం వేరు. పడవ తొలగించగలిగినంత నీటి బరువు కంటే దాని మొత్తం బరువు ఎక్కువైతేనే అది మునుగుతుంది. 10 సెంటీమీటర్ల పొడవు, 6 వెడల్పు, 4 లోతు ఉన్న అట్టపెట్టె అంచుల దాకా దిగితే 240 ఘన సెంటీమీటర్ల నీటిని తొలగిస్తుంది కనుక, తన బరువుతో కలిపి దాదాపు 240 గ్రాములు మోస్తుంది. ఒరిగే పడవలో చూడవలసింది బరువు ఎక్కడ ఉందనేదే. పొడుగాటి తెరచాప కొయ్య, దాని కొసన జెండా, కింద ఇరుకైన తేలిక అడుగు ఉంటే గరిమనాభి, అంటే మొత్తం బరువు కేంద్రీకృతమైనట్టుండే బిందువు, పైకి చేరి, చిన్న అలకే పడవ పల్టీ కొడుతుంది. అలాంటి పడవకు అడుగున బరువు తగ్గించడమంటే చేజేతులా బోర్లా పడేయడమే.

ఏడో తరగతి పాప ఒకతె థర్మోకోల్ పడవ అడుగును రోజూ కాస్త కాస్త చెక్కి, చివరకు ఏడుపు ముఖంతో నా దగ్గరకు వచ్చింది. ఇంట్లో వాళ్ళు అప్పటికే కొత్త షీట్లు కొని పెట్టారు. కొయ్యను సగానికి కోసి, అడుగున నడిమధ్య గీత వెంట రూపాయి బిళ్ళలు టేపుతో అంటించాం. ఆ తరువాత వేలితో ఒక పక్కకు నొక్కి వదిలినా పడవ తిరిగి నిలబడింది. సరుకు లేని ఓడలు అడుగు ట్యాంకుల్లో సముద్రపు నీరు నింపుకోవడం, పోలి పాడ్యమినాడు వెడల్పాటి అరటి దొప్ప అడుగున కూర్చున్న దీపం పడిపోకుండా సాగడం ఈ సూత్రం మీదే.

అపోహ: మందపు డ్రాయింగు కాగితం నానదు.

వాస్తవం: నానుతుంది, కాస్త ఆలస్యంగా. మడతల దగ్గర పీచు విరిగి నీరు ముందు అక్కడే పీలుస్తుంది కనుక, అక్కడ కొవ్వొత్తి గట్టిగా రుద్దాలి. మైదా జిగురు నీటికి నిలవదని వేరే చెప్పనక్కర లేదు.

అపోహ: వెనుక కర్పూరం ముక్క పెట్టిన పడవను దాని ఆవిరి తోస్తుంది.

వాస్తవం: వాట్సాప్‌లో తిరిగే ఈ మాటకు ఆధారం లేదు. కర్పూరం పడవ వెనుక వైపు నీటి తలతన్యతను, అంటే నీటి పైపొర సాగదీసిన రబ్బరులా లాగే గుణాన్ని, తగ్గిస్తుంది, ముందున్న నీరు పడవను లాక్కుంటుంది. "నిన్న ఇంట్లో నడిచింది సార్, ఇవాళ కదలడం లేదు" అని కంగారుపడే పిల్లలు కర్పూరాన్ని అనుమానించనక్కర లేదు. చేతికి అంటిన కొబ్బరినూనె, సబ్బు జాడ ఏ కొంచెం నీటిలో కలిసినా పడవ ఆగిపోతుంది. పళ్ళెం శుభ్రంగా కడిగి, నీళ్ళు మార్చి, మళ్ళీ వదలండి.