ఆ 268 ఏక్యూఐ కాదండీ బాబూ: ఓజోన్ శాటిలైట్ మ్యాపుల మీద అపోహలు - వాస్తవాలు

పోయిన మే నెల్లో అమలాపురం వెళ్తే మా పెద్దమ్మ గదిలో కిటికీలన్నీ బిగించేసి ఉన్నాయి, ఆ ఉక్కకి ఆవిడ దిండు తడిసిపోయింది. ఆవిడకి ఎప్పట్నుంచో ఆయాసం. ఏంటన్నయ్యా ఇది అంటే ఫోన్ చూపించాడు, శాటిలైట్ మ్యాప్ స్క్రీన్‌షాట్, మన వైపు ఓజోన్ 268, కింద "గాలి పూర్, తలుపులు తియ్యొద్దు" అని ఎవరో రాసి వాట్సాప్‌లో వదిలారు. నేను రోజూ పనిచేసే డేటానే అది, కడుపు మండిపోయింది.

ఆ 268 ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) కాదు, డాబ్సన్ యూనిట్లు. నేల నుంచి పై దాకా ఉన్న ఓజోనంతా కిందకి దింపి సున్నా డిగ్రీల్లో, మామూలు ఒత్తిడిలో పరిస్తే 2.68 మిల్లీమీటర్ల పొర అవుతుందని దానర్థం, అంతే. అందులో నూటికి 90 వంతులు చాలా ఎత్తున స్ట్రాటోస్ఫియర్ అనే వాతావరణ పొరలో ఉండి మనల్ని ఎండలోని యూవీ కిరణాల నుంచి కాసేదే. ఏక్యూఐలో 201 నుంచి 300 దాకా పూర్ కదా, మన ప్రాంతపు మామూలు డాబ్సన్ అంకె సరిగ్గా వెళ్ళి అందులో పడుతుంది, అందుకే ఈ పుకారు ఏటా నమ్మకంగా తిరుగుతోంది.

ముక్కుకి తగిలే ఓజోన్ వేరు. బళ్ళ పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు లాంటి వాటి ఆవిర్లు ఎండలో కలిసి తయారయ్యేది, ఆయాసం ఉన్నోళ్ళకి అది నిజంగానే పడదు, మీ భయం తప్పని నేననను. కానీ దాన్ని ఈ మ్యాపులో వెతక్కండి. శాటిలైట్ మీదుండే ఓఎంఐ లాంటి పరికరం చేసేదేంటంటే, కిందకి దిగి చెదిరి మళ్ళీ పైకొచ్చిన ఎండని చూస్తుంది, ఓజోన్ బాగా మింగే 317 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఎంతొచ్చింది, తక్కువ మింగే 331 దగ్గర ఎంతొచ్చింది అని పోల్చి మొత్తం లెక్క కడుతుంది. నేలకి దగ్గర్లో ఉన్నది దానికి సరిగ్గా ఆనదు, మబ్బు పట్టిందా, మబ్బు కిందది అసలే కనపడదు, అంచనా వేసి కలపడమే. కాబట్టి నేల మీద గాలిని కొలిచే స్టేషన్‌లో ఓజోన్ 8 గంటల సగటు చూడండి, మన దేశంలో హద్దు ఘనపు మీటరుకి 100 మైక్రోగ్రాములు. ఎండ వేళ దాటాక అది మామూలుగా తగ్గుతుంది, అందుకే ఆ సాయంత్రం నేనే కిటికీలు తీశాను, కాలవ గాలి తగిలాక పెద్దమ్మ రెండు ముద్దలు తింది.

మిగతావి గబగబా చెప్పేస్తా. మన నెత్తిన ఓజోన్ పొరకి చిల్లు పడింది, అందుకే ఇంత ఎండ అంటారు, లేదు. చిల్లంటే 220 డాబ్సన్ కన్నా తగ్గడం, అది సెప్టెంబర్, అక్టోబర్లలో అంటార్కిటికా మీద. మన ఉష్ణమండలంలో తయారైన ఓజోన్‌ని పైగాలులు ధ్రువాల వైపు మోసుకుపోతాయి కాబట్టి ఇక్కడ ఎప్పుడూ కాస్త తక్కువే. చిల్లు సంగతి లోకానికి తెలిసిన 1985కి ముందు నాసా కంప్యూటర్ ఆ చిల్లు డేటాని పారేసిందన్నదీ అబద్ధమే, 180 కన్నా తక్కువొచ్చినవాటికి అనుమానం గుర్తు పెట్టింది, డేటా భద్రంగానే ఉంది.

ఇంకోటి, రాత్రి తొమ్మిదింటికి "లైవ్" అని పంపుతారే, ఓఎంఐ లాంటిదే ఇంకో శాటిలైట్ పరికరం ట్రోపోమి మన మీదుగా దాటేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో, దానికి ఎండ కావాలి, రాత్రి దానికేం కనపడదు.