కిట్టు లోపలి ఆరు గంటలు

2021 జనవరి 16న విజయవాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో కోవిడ్ టీకాల కార్యక్రమం మొదలైంది. రాష్ట్రంలో తొలి సూది వేయించుకున్నది ఒక పారిశుధ్య కార్మికురాలు. ఎంతో సబబైన ఎంపిక అది. అంతకు ముందు పది నెలలూ ‘వైద్య సిబ్బంది’ అంటే జనం మనసులో డాక్టరు, ఆ తర్వాత నర్సు. వార్డు తుడిచేవాళ్ళు, మృతదేహాన్ని చుట్టి మార్చురీకి చేర్చే ఎంఎన్‌వోలు (మగ నర్సింగ్ సహాయకులు), శ్వాబ్ తీసే ల్యాబ్ టెక్నీషియన్లు, 108 అంబులెన్సు నడిపే పైలట్లు, ఇంటింటికీ తిరిగిన ఆశా కార్యకర్తలు ఆ మాటలో సగం లోపల, సగం బయట ఉండిపోయారు. వీళ్ళకు రక్షణ, విశ్రాంతి, బీమా ఏవీ ఒక్కసారిగా రాలేదు. ఏదో ఒక నష్టం జరిగాక ఒక్కో ఉత్తర్వు వచ్చింది. చాలా ఉత్తర్వులకు గడువు తేదీ కూడా ఉంది.

చట్టం సంగతే చూడండి. 1896లో బొంబాయిని ప్లేగు పట్టుకున్నాక, 1897లో అంటువ్యాధుల చట్టం తెచ్చారు. అందులో ఉన్నవి నాలుగే సెక్షన్లు. సదుద్దేశంతో పనిచేసిన వారిపై దావా వేయకూడదని చివరిది చెబుతుంది. పనిలో దెబ్బలు తిన్నవారి గురించి ఒక్క ముక్క లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో ఆసుపత్రులపై దాడులకు విడిగా చట్టం చేసుకుంది. మూడేళ్ళ వరకు జైలు, 50 వేల వరకు జరిమానా. కేంద్రం కదలడానికి 2020 ఏప్రిల్ రావాల్సి వచ్చింది. ఆ నెలలో నెల్లూరు డాక్టరు ఒకరు చెన్నైలో కోవిడ్‌తో చనిపోతే, శ్మశానం దగ్గర స్థానికులు అడ్డం తిరిగారు. వారం తిరిగేలోపు అదే నగరంలో మరో డాక్టరు ఖననానికి వెళ్ళినవాళ్ళ మీద రాళ్ళు పడ్డాయి. ఏప్రిల్ 22న ఆర్డినెన్సు, సెప్టెంబరులో చట్టం వచ్చాయి. దాడికి మూడు నెలల నుంచి ఐదేళ్ళు, తీవ్రంగా గాయపరిస్తే ఆరు నెలల నుంచి ఏడేళ్ళు జైలు. దర్యాప్తు 30 రోజుల్లో ముగించాలి. ధ్వంసమైన ఆస్తికి మార్కెట్ విలువకు రెట్టింపు కట్టాలి. కానీ ఇది అంటువ్యాధి కాలానికి పుట్టిన చట్టం. మామూలు రోజుల్లో క్యాజువాలిటీలో నైట్ డ్యూటీ చేసే హౌస్ సర్జన్‌కు నేటికీ దిక్కు 2008 చట్టమే.

అసలు కష్టం మాత్రం చట్టం చూపు ఆనని చోట, ఒళ్ళంతా కప్పే పీపీఈ కిట్టు లోపల ఉంది.

2020 మొదట్లో దేశంలో పీపీఈ కిట్ల తయారీ దాదాపు లేదు. మే నాటికి రోజుకు లక్షల్లో తయారయ్యాయి. కిట్లు వచ్చాయి, ఎండాకాలమూ వచ్చింది. మే నెలలో విజయవాడ, గుంటూరుల్లో 40 డిగ్రీలు దాటడం మామూలే. తల నుంచి కాళ్ళ దాకా తొడిగే కవరాల్ గుడ్డ మీద పూత ఉంటుంది. రక్తాన్నీ తుంపర్లనీ ఆపేది అదే, చెమటను ఆరనివ్వనిదీ అదే. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. గాలి తిరిగి తిరిగి వైరస్‌ను పంచుతుందన్న భయంతో చాలా వార్డుల్లో ఏసీలు ఆపేశారు. గంటన్నరకే లోపలి బట్టలు ముద్దయ్యేవి, గాగుల్స్‌కు ఆవిరి పట్టేది. ఆ ఆవిరిలోంచే నరం వెతికి క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించే సన్నటి గొట్టం) పెట్టాలి.

అందుకే డ్యూటీ నాలుగు నుంచి ఆరు గంటలు దాటకూడదన్నది ముఖ్యమైన నియమం. కిట్టు తొడుక్కున్నాక నీళ్ళు తాగడం, బాత్రూముకు వెళ్ళడం కుదరవు. కిట్ల కొరత ఉన్నప్పుడు ‘ఒక షిఫ్టుకు ఒక కిట్టు’ అంటారు గనుక మధ్యలో విప్పితే మరొకటి దొరకదు. ఆ భయంతో చాలామంది నర్సులు డ్యూటీకి ముందు నీళ్ళు మానేశారు. సరిగ్గా చేయకూడని పని ఇదే. ముందు రెండు గంటల్లో అర లీటరు నుంచి ముప్పావు లీటరు వరకు కొద్దికొద్దిగా తాగి, తొడుక్కునే ముందు బాత్రూముకు వెళ్ళి రావాలి. బయటికి వచ్చాక లీటరు నీళ్ళలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి నిదానంగా తాగాలి. నెలసరి రోజుల్లో ఉన్నవారికి నాలుగు గంటల డ్యూటీ అడగకుండానే ఇవ్వాలి. పేరు పక్కన కారణం రాయనక్కర్లేదు. ముక్కు మీద పుండు పడకుండా కొందరు మాస్కు కింద దూది పెట్టుకున్నారు. దాంతో అంచు సరిగా అతకదు, గాలి పక్కనుంచి దూరుతుంది. చర్మాన్ని కాపాడే పలచటి హైడ్రోకొల్లాయిడ్ పట్టీ అతికించి, మాస్కు పెట్టుకున్నాక గట్టిగా ఊది అంచుల్లో లీకు ఉందేమో చూసుకోవాలి.

సేవ చేసేవారికే జబ్బు అంటుకోవడం కొత్త కాదు. 2003లో టొరంటోలో సార్స్ సోకినవారిలో పదింట నలుగురికి పైగా ఆసుపత్రుల వాళ్ళే. 2018 మే 21న కేరళలో నిపాతో చనిపోయిన నర్సు లినీ తొలి రోగులకు సేవ చేసినవారే. ప్రమాదం ఎక్కువగా జరిగేది కిట్టు విప్పేటప్పుడు. డ్యూటీ అయిపోయింది, దాహంగా ఉంది, బయట బస్సు ఎదురుచూస్తోంది. ఆ తొందరలో చెయ్యి ముఖం మీదికి వెళ్తుంది. విప్పే వరస ఆసుపత్రిని బట్టి కాస్త మారుతుంది కానీ ప్రతి మెట్టు దగ్గరా చేతులు శుభ్రం చేసుకోవడం, మాస్కును చివరిదాకా ఉంచడం ఎక్కడా మారవు. కవరాల్‌ను లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ దించాలి. మాస్కుకు కింది పట్టీ ముందు, పై పట్టీ తర్వాత. పై పట్టీ ముందు తీస్తే మాస్కు జారి మెడ మీద పడుతుంది. దీనికి పదిహేను నిమిషాలు, ఎదురుగా నిలబడి ఒక్కో మెట్టూ చెప్పే మనిషి, నిలువెత్తు అద్దం కావాలి. డ్యూటీ చార్టులో ఆ పదిహేను నిమిషాలను లెక్కలో వేయకపోతే, అది మనిషి విశ్రాంతిలోంచే పోతుంది.

డ్యూటీ తర్వాత ఎక్కడ ఉండాలన్నది మరో తగువు. అద్దె ఇల్లు ఖాళీ చేయమన్న ఘటనలు 2020 మార్చిలోనే మొదలయ్యాయి. మొదట్లో డ్యూటీ తర్వాత 14 రోజుల క్వారంటైన్ ఇచ్చారు. మే 15న కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని హై రిస్క్ వారికే, అంటే సరైన రక్షణ లేకుండా రోగికి దగ్గరగా మెలిగినవారికే, పరిమితం చేసింది. విషయం సుప్రీంకోర్టుకు వెళ్ళి, జూన్ 17 తర్వాత జీతం, వసతిపై స్పష్టమైన ఆదేశాలు వచ్చాయి. క్వారంటైన్ రోజుల్ని సెలవు కింద కోయకూడదన్నది జూలై నెలాఖరు మాట. ఆగస్టు 9న విజయవాడలో కోవిడ్ కేంద్రంగా వాడుతున్న ఒక హోటల్‌లో మంటలు చెలరేగి పదిమంది చనిపోయారు. చనిపోయినవారు అక్కడ చికిత్స పొందుతున్నవాళ్ళే అయినా, సిబ్బందికి ఇచ్చే గదికీ అదే పరీక్ష పెట్టాలి. రెండో మెట్ల దారి తెరిచి ఉందా, కిటికీ లోపలినుంచి తెరుచుకుంటుందా, వైరింగ్ ఎప్పటిది?

ఇక డబ్బు. 2020 మార్చి 26న కేంద్రం ప్రకటించిన 50 లక్షల బీమాలో ఆశాలు, కాంట్రాక్టు సిబ్బంది, పారిశుధ్య కార్మికులూ ఉన్నారు. మొదట 90 రోజులకని చెప్పి తర్వాత పొడిగిస్తూ పోయారు. కాగితం దగ్గర చిక్కు వచ్చింది. కోవిడ్ విధుల్లో ఉన్నారని సంస్థ ధ్రువపత్రం, పాజిటివ్ రిపోర్టు తప్పనిసరి చేశారు. ఏజెన్సీ ద్వారా వచ్చిన ఎఫ్‌ఎన్‌వోకు (మహిళా నర్సింగ్ సహాయకురాలికి) డ్యూటీ ఆర్డరు నోటిమాటే. గుంటూరు కొత్తపేటలోనో విజయవాడ సూర్యారావుపేటలోనో చిన్న నర్సింగ్ హోములో పనిచేసినవారికి అదీ లేదు. అందుకే మేము ఎవరు అడిగినా చెప్పేది ఒకటే. సంతకం, స్టాంపు ఉన్న డ్యూటీ చార్టును వారం వారం ఫోటో తీసి ఇంట్లోవాళ్ళ ఫోనుకు పంపండి. 2021 జూన్‌లో, జూడాలు (జూనియర్ డాక్టర్లు) సమ్మె నోటీసు ఇచ్చిన రోజుల్లోనే, రాష్ట్రం విడిగా ఎక్స్‌గ్రేషియా ప్రకటించింది. డాక్టరుకు 25 లక్షలు, స్టాఫ్ నర్సుకు 20, ఎఫ్‌ఎన్‌వో, ఎంఎన్‌వోలకు 15, మిగతావారికి 10. ఒకే వార్డు గాలి పీల్చినవాళ్ళకు నాలుగు ధరలు కట్టడం మాకు న్యాయంగా అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు.

మనసు సంగతి అన్నిటికన్నా ఆలస్యంగా అందరి దృష్టికీ వచ్చింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఉన్న ఒక్క ఆక్సిజన్ పడక ఎవరికివ్వాలో తేల్చుకోవాల్సి వచ్చినవారిని బాధించింది అలసట ఒక్కటే కాదు. చేయాల్సింది తెలిసీ చేయలేకపోయిన బాధకు ‘నైతిక గాయం’ అన్న పేరు 1990లలో వచ్చింది. వియత్నాం యుద్ధ సైనికులకు వైద్యం చేసిన జొనాథన్ షే ఆ మాటను వాడుకలోకి తెచ్చాడు. ఇలాంటప్పుడు మనిషిని కూర్చోబెట్టి జరిగినదంతా ఒక్కసారిగా చెప్పించే పద్ధతిని మామూలు అలవాటుగా చేయకూడదని బ్రిటన్ మార్గదర్శకాలు 2005లోనే చెప్పాయి. పనిచేసేవి చిన్నవి. రాత్రి డ్యూటీ తర్వాత మర్నాడు పూర్తి సెలవు, కొత్తగా వచ్చినవారికి అనుభవమున్న జోడీ, ఆ వారం ఎక్కువ మరణాలు చూసినవారిని ఐసీయూ నుంచి కొన్నాళ్ళు మార్చడం. నిద్ర పట్టక రెండు వారాలు దాటితే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. ఆ సేవ మొదలైంది 2022 అక్టోబరు 10న, ఉధృతి తగ్గాకే.

ఇప్పుడు హౌస్ సర్జన్లుగా చేరేవారు 2020 తొలి నెలల్లో ఇంకా వైద్య కళాశాలలో అడుగుపెట్టనివారే. నిజమైన వార్డులో కవరాల్ తొడిగినవారు వాళ్ళలో ఉండరు. చేరిన వారంలోనే జోడీలుగా మూడుసార్లు తొడిగించి విప్పించాలి. కవరాల్ మీద, చేతి తొడుగుల మీద కాస్త గులాల్ చల్లి విప్పమంటే, చివరికి రంగు మెడ మీదుందో చెవి వెనకుందో వాళ్ళకే అద్దంలో కనబడుతుంది.