పేద ఖైదీ అప్పీలు ఎవరి చేతిలో పడుతుంది?

చర్లపల్లి జైల్లోనో రాజమహేంద్రవరం జైల్లోనో ఉన్న ఖైదీకి లాయరును పెట్టుకునే స్తోమత లేకపోయినా అప్పీలుకు దారి ఉంది. కాగితం మీద తెలుగులో తన గోడు రాసి, సంతకమో వేలిముద్రో వేసి, తీర్పు ప్రతి జతచేసి జైలు సూపరింటెండెంటుకు ఇస్తే చాలు. దాన్ని పైకోర్టుకు పంపడం ఆయన బాధ్యత. క్రిమినల్ కేసులు నడిచే పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 424వ సెక్షన్. 2024 జూలై 1కి ముందు అమల్లో ఉన్న 1973 కోడ్, అంటే సీఆర్‌పీసీ 383, ఇంకా వెనక్కి వెళితే 1898 నాటి కోడ్‌లో 420. కాబట్టి దారి పాతదే. ఆ కాగితం హైకోర్టుకు చేరాక దాన్ని ఎవరు పట్టించుకుంటారన్నది మాత్రం మారుతూ వచ్చింది. ఆ పని ఎక్కువగా బార్‌లో కొత్తగా అడుగుపెట్టిన జూనియర్ల మీదే పడేది. ఇప్పుడు వాళ్ల పాత్ర కూడా మారుతోంది.

1898 కోడ్‌లో ఒక తిరకాసు ఉండేది. లాయరు ద్వారా వేసిన అప్పీలునైతే వాదన వినకుండా కొట్టేయడానికి వీల్లేదు. జైలు నుంచి వచ్చిన అప్పీలుకు ఆ రక్షణ లేదు. జడ్జి చదివి, పస లేదనుకుంటే అక్కడితో సరి. 1973 కోడ్ 384వ సెక్షన్ జైలు అప్పీలుకూ విచారణ హక్కు ఇచ్చింది కానీ రెండు మినహాయింపులు పెట్టింది. అప్పీలు బొత్తిగా పసలేనిదైనా, ఖైదీని కోర్టుకు తేవడం కేసు స్థాయికి మించిన ఇబ్బంది అనిపించినా వినకుండానే కొట్టేయవచ్చు. కాకపోతే అప్పీలు గడువు తీరేదాకా ఆగాలి.

లాయరు సంగతి వేరే కథ. హైదరాబాద్ రాష్ట్రంలో స్పెషల్ ట్రిబ్యునళ్లు మరణశిక్ష వేసిన తెలంగాణ రైతుల కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. తమ తరఫున లాయరు లేకుండానే విచారణ సాగిందన్నది వాళ్ల వాదనల్లో ఒకటి. ఇంగ్లండ్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వాదించారు. మరణశిక్ష పడే కేసులో లాయరు లేనంతమాత్రాన ప్రతి విచారణా చెల్లదని సూత్రం చేయలేమని జనార్దన్ రెడ్డి కేసులో 1951లో కోర్టు చెప్పింది. పేదవాడికి లాయరును సమకూర్చే బాధ్యత రాజ్యానిదన్న ఆలోచన రాజ్యాంగంలో 39ఏ అధికరణంగా చేరింది 42వ సవరణతో, 1976లో.

అసలు మలుపు 1978 నాటి ఎం.హెచ్. హొస్కోట్ కేసు. ఆయన నిరుపేద కాదు, యూనివర్సిటీలో రీడరు. నకిలీ డిగ్రీల కేసు. సెషన్స్ కోర్టు నామమాత్రపు శిక్షతో వదిలేస్తే 1973లో బొంబాయి హైకోర్టు దాన్ని మూడేళ్లకు పెంచింది. ఆయన సుప్రీంకోర్టుకు వచ్చేసరికి నాలుగేళ్ల పైన ఆలస్యమైంది. తీర్పు ప్రతి తనకు అందలేదన్నారు. ఇచ్చామని జైలు వాళ్లన్నారు. ఇచ్చినట్టు ఆయన సంతకంతో రసీదు మాత్రం లేదు. ఆయన పిటిషన్‌ను కోర్టు కొట్టేసింది. ఆ సందర్భంలోనే జస్టిస్ కృష్ణయ్యర్ ఖైదీలందరికీ వర్తించే ఆదేశాలు ఇచ్చారు. తీర్పు ప్రతి ఉచితంగా, వెంటనే ఇవ్వాలి. జైలుకు పంపితే ఖైదీకి అందజేసి రాతపూర్వకంగా రసీదు తీసుకోవాలి. లాయరును పెట్టుకోలేని ఖైదీకి కోర్టే లాయరును నియమించాలి, ఫీజు రాష్ట్రం ఇవ్వాలి. 1986లో సుక్‌దాస్ కేసు ఇంకో అడుగు వేసింది: న్యాయ సహాయం అడగలేదన్న కారణంతో నిరాకరించకూడదు. తనకా హక్కు ఉందని తెలియనివాడు అడగలేడు కదా.

1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం అమల్లోకి వచ్చేసరికి 1995 నవంబరు 9 అయింది. ఇందులోని 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్నవారికి ఆదాయ పరిమితి లేదు. క్షేత్రంలో ఇది తెలియక ఇప్పటికీ ఖైదీ కుటుంబాన్ని ఆదాయ ధ్రువపత్రం కోసం తిప్పేవారుంటారు. హైకోర్టు స్థాయిలో న్యాయ సేవల కమిటీ, దాని ప్యానెల్ లాయర్లు ఈ చట్టంతోనే వచ్చారు. 2010 నిబంధనల ప్రకారం ప్యానెల్‌లో చేరడానికి మామూలుగా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి, క్లయింటు దగ్గర పైసా తీసుకోకూడదు.

ఆ మూడేళ్ల లెక్కను 2019లో అనోఖీలాల్ కేసు తలకిందులు చేసింది. మధ్యప్రదేశ్‌లో ఓ మరణశిక్ష కేసు. నిందితుడి కోసం కోర్టే పెట్టే లాయరైన అమికస్‌ను నియమించిన రోజే అభియోగాలు మోపారు, రెండు వారాల్లోపే విచారణ ముగించారు. సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దు చేసి, మళ్లీ మొదటి నుంచి విచారించమంది. యావజ్జీవం, మరణశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో కనీసం పదేళ్ల అనుభవం ఉన్నవారినే నియమించాలని, తయారీకి మామూలుగా ఏడు రోజులైనా ఇవ్వాలని చెప్పింది. నియమం సరైనదే. బెంచి మీద నుంచి ఫైలు అందించి ‘మీరు చూడండి’ అని కుర్ర లాయరుకు అప్పగించే పద్ధతిలో ఎందరో ఖైదీలు నష్టపోయారు. అయితే పదేళ్ల తర్వాత ఆ అప్పీళ్లను నడపాల్సినవాళ్లు ఈలోగా పని ఎక్కడ నేర్చుకోవాలి? 2022 నాటి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పథకంలో మూడేళ్లలోపు ప్రాక్టీసు ఉన్నవాళ్లకు అసిస్టెంట్ పోస్టులు పెట్టారు. కానీ అది జిల్లా స్థాయి వ్యవస్థ. హైకోర్టులో జూనియర్‌కు దక్కేది చిన్న శిక్షల అప్పీళ్లు, సీనియర్ ప్యానెల్ లాయరు పక్కన కూర్చుని రికార్డు తయారుచేసే పని.

ఆ రికార్డు పనే అప్పీలుకు వెన్నెముక. మన సెషన్స్ కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతాడు, వాంగ్మూలం చాలావరకు ఇంగ్లీషులో టైపవుతుంది. పోలీసు స్టేట్‌మెంటు, పంచనామా తెలుగులో ఉంటాయి. రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి (పీడబ్ల్యూ-1) కోర్టులో ఒకటి, పోలీసుల ముందు ఇంకొకటి చెప్పినట్టు కనిపించగానే అప్పీలు కారణాలైన గ్రౌండ్స్‌లో రాసేస్తే కుదరదు. కింది కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ భాగాన్ని సాక్షికి చూపించి, డిఫెన్స్ ఆధారం డీ-1గా మార్కు చేయించి, దర్యాప్తు అధికారితో నిర్ధారించి ఉండాలి. అక్కడి లాయరు ఆ పని చేయకపోతే పైకోర్టులో ఆ వైరుధ్యం లేనట్టే. పేదవాళ్ల అప్పీళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే.

అప్పీలుకు పనికొచ్చే అంశాలు దొరికేది మరో చోట. పాత కోడ్ 313వ సెక్షన్ కింద నిందితుణ్ని అడిగిన ప్రశ్నల్లో కీలక ఆధారం గురించి ఒక్క ప్రశ్నా లేకపోతే, ఆ ఆధారాన్ని పక్కన పెట్టమని అడగవచ్చు. నేరం నాటికి పద్దెనిమిది నిండలేదన్న వాదన ఏ దశలోనైనా లేవనెత్తవచ్చు, దానికి ముందు చూడాల్సింది స్కూలు సర్టిఫికెట్. అప్పీలు ఏళ్లపాటు పెండింగులో ఉంటే బెయిలు అడగాలి. యావజ్జీవ ఖైదీ శిక్ష పడ్డాక ఐదేళ్లు గడిపితే బెయిలుకు దరఖాస్తు చేసుకోవచ్చని 2016లో ఉమ్మడి హైకోర్టు ధర్మాసనం చెప్పింది, కొన్ని నేరాలను మినహాయించింది. రిమాండు కాలాన్నీ కలిపి ఐదేళ్లంటూ పిటిషన్ వేస్తే వెనక్కి వస్తుంది.

2024 అక్టోబరులో సుహాస్ చక్మా కేసులో సుప్రీంకోర్టు ఇంకో సూచన చేసింది. శిక్ష తీర్పు ప్రతికి ముందు ఒక కవర్ షీటు పెట్టి, పైకోర్టుకు వెళ్లడానికి ఉచిత న్యాయ సహాయం ఉందని, ఎవరిని సంప్రదించాలో అందులో రాసే విషయం పరిశీలించమని హైకోర్టులను కోరింది. హైకోర్టులో అప్పీలుకు గడువు అరవై రోజులు, మరణశిక్షకైతే ముప్పై. జైలు అప్పీళ్లు ఆ గడువు దాటాక రావడం పరిపాటి. ఆలస్యాన్ని మన్నించమనే డిలే కండోన్ పిటిషన్ రాసే జూనియర్ అన్నిటికన్నా ముందు జైలు నుంచి తెప్పించుకోవాల్సింది, తీర్పు ప్రతి ఏ తేదీన ఖైదీ చేతికి అందిందో చూపే ఆ 1978 నాటి రసీదే.