పాత ఆలోచన మళ్లీ వస్తే ఏం చేయాలి? పిల్లలకు అవ్వ ఉత్తరం

తిరుపతి

చిరంజీవులైన పిల్లలందరికీ అవ్వ ఆశీస్సులు.

మొన్న ఆదివారం మేడమీద మీరు అడిగినదానికి అక్కడే జవాబు చెప్పి ఉంటే, సగంలోనే ఒకరికి ఫోనొచ్చేది, ఇంకొకరికి ట్యూషన్ గుర్తొచ్చేది. అందుకే రాస్తున్నా. కాగితం మీదైతే నా మాటకి ఎవరూ అడ్డం రారు కదా.

"చెడ్డ ఆలోచనలు వస్తా ఉంటే మెదడుకి మళ్లీ ట్రైనింగ్ ఇచ్చుకోవచ్చంట కదవ్వా, రీల్సులో చెప్తా ఉండారు, నిజమేనా?" అన్నారు. నిజమే. కాకపోతే ఆ రీల్సులో చెప్పే పద్ధతే తప్పు. పొద్దున్నే అద్దం ముందు నిలబడి 'నాకు అన్నీ వచ్చు' అని వందసార్లు అనుకోవాలంట, చెడ్డ ఆలోచన రాగానే తరిమేయాలంట, ఇరవై ఒక్క రోజుల్లో మనిషి మారిపోవాలంట. ఈ మూడింటిలో ఒక్కటీ నిలబడదు. ఎందుకో తెలియాలంటే ముందు తలలో ఏం జరుగుతుందో చూడాలి. బయాలజీ టీచరుగా రిటైరైనదాన్ని, అది చెప్పకుండా వదలను.

మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటాయి. ఒక్కో న్యూరాను వేలాది న్యూరాన్లతో ముడిపడి ఉంటుంది. రెండు న్యూరాన్లు పదేపదే ఒకేసారి పనిచేస్తా ఉంటే వాటి మధ్య ముడి గట్టిపడుతుందని కెనడా శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ 1949లోనే రాశాడు. లెక్కల పేపరు చూడగానే 'నా వల్ల కాదు' అనిపించడం మొదట్లో ఒట్టి అనుమానం. ఏడో తరగతి నుంచి ప్రతి పేపరుకీ అదే అనుకుంటా వస్తే, ఇంటర్‌కి వచ్చేసరికి పేపరు చేతికి రాకముందే ఆ మాట వచ్చి కూర్చుంటుంది. తెలివి లేక కాదు, అలవాటు పడి.

పెద్దయ్యాక మెదడు మారదనే చాలాకాలం అనుకున్నారు. 2004లో జర్మనీలో ఒక ప్రయోగం చేశారు. గారడీవాళ్లు మూడు బంతులు గాల్లో ఎగరేసి పడకుండా పట్టుకుంటారే, అది బొత్తిగా రానివాళ్లని తీసుకొచ్చి మూడు నెలలు నేర్పించి, ముందూ తర్వాతా మెదడుకి స్కాన్ తీశారు. కదిలేవాటిని కనిపెట్టే భాగాల్లో మెదడు పదార్థం పెరిగింది. సాధన మానేసిన మూడు నెలలకి మళ్లీ తీస్తే, పెరిగినదాంట్లో చాలావరకు తగ్గిపోయింది. ఈ రెండో సంగతి ఎవరూ రీలు చేయరు. మానేస్తే తగ్గిపోతుందంటే ఎవరు లైకు కొడతారు?

ఇంకో సంగతి. మెదడుకి మంచికంటే చెడే ముందు కనిపిస్తుంది. అది దాని తప్పు కాదు. 2023లో అలిపిరి మెట్లదారిలో చిరుతల భయానికి నడిచివెళ్లే భక్తుల చేతికి కర్రలిచ్చారు, గుర్తుందా? ఆ దారిలో పొద కదిలితే 'గాలేమోలే' అనుకునేవాడికన్నా 'చిరుతేమో' అని ఉలిక్కిపడేవాడే బతికి బయటపడే అవకాశం ఎక్కువ. మన పూర్వీకులు అలా ఉలిక్కిపడే రకం. వాళ్లిచ్చిన ఆస్తే ఈ మెదడు. దానికి క్లాసులో ఎవరో కిసుక్కున నవ్వినా పొద కదిలినట్టే ఉంటుంది.

ఇప్పుడు ఆ తరిమేయడం సంగతి. 1987లో అమెరికాలో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొంతమంది విద్యార్థుల్ని కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటి గురించి మాత్రం ఆలోచించొద్దు, గుర్తొస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. పైగా తర్వాత 'ఇప్పుడు ఆలోచించుకోవచ్చు' అనగానే, మొదటినుంచీ ఆలోచించమన్నవాళ్లకంటే వీళ్లకే ఆ ఎలుగు ఎక్కువ గుర్తొచ్చింది. ఒక ఆలోచన రాకుండా చూసుకోవాలంటే, అది వచ్చిందా లేదా అని మనసులో ఒక మూల కాపలా కాయాలి. ఆ కాపలావాడే దాన్ని చేయి పట్టుకుని లోపలికి తీసుకొస్తాడు.

అద్దం ముందు జపం కూడా అంతే. 2009లో కెనడాలో వాటర్లూ యూనివర్సిటీవాళ్లు దీన్ని పరీక్షించారు. తమమీద తమకి బొత్తిగా నమ్మకం లేనివాళ్ల చేత 'నేను అందరి ప్రేమకీ తగినదాన్ని' లాంటి మాట పదేపదే అనిపిస్తే, వాళ్ల మనసు ఇంకా కుంగింది. నమ్మకం ఉన్నవాళ్లకి మాత్రం కొద్దిగా బాగనిపించింది. అంటే మందు అవసరమైనవాడికే అది పడదన్నమాట! లోపలినుంచి వెంటనే ఒక గొంతు లేస్తుంది: 'ఏందబ్బా, నీకు వచ్చిన మార్కులు నాకు తెలీదా?' మనసుని మాటతో ఒప్పించలేం. దానికి సాక్ష్యం కావాలి.

మరి పాత ఆలోచనని ఏం చేయాలి? ఏమీ చేయొద్దు. మన కొండనే చూడండి. తిరుమలకి మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. రెండోది వేశారని మొదటిదాన్ని తవ్వి పారెయ్యలేదు. ఇప్పటికీ ఉంది, బండ్లు దాంట్లోనే దిగుతాయి. ఎక్కే బండి మాత్రం కొత్తదాంట్లో పోతుంది. మెదడులో పని కూడా ఇలాగే. పాతదాన్ని తుడిచేయడం కుదరదు, పక్కన ఇంకొకటి వేసి దాంట్లో నడవాలి.

ఆ రెండో దారి వేయడానికి పనికొచ్చే పని చూపించిన డాక్టరు ఒకాయన ఉన్నాడు. ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్. 1960ల్లో కుంగుబాటుతో తన దగ్గరికొచ్చినవాళ్ల మాటలు వింటా ఉంటే ఆయనకి ఒకటి తట్టింది. పైకి చెప్పే మాటల వెనక ఇంకో వరస ఆలోచనలు, రెప్పపాటులో, తమంతట తాము వచ్చిపోతా ఉంటాయి. 'ఈయనకి నేను విసుగు పుట్టిస్తున్నా', 'నేను దేనికీ పనికిరాను', ఇట్లాంటివి. అవి ఎంత వేగంగా వస్తాయంటే, వచ్చినట్టు కూడా తెలీదు, దిగులు మాత్రమే మిగులుతుంది. వాటిని పట్టుకుని, కాగితం మీద పెట్టి, ఇది నిజమేనా అని రోగీ డాక్టరూ కలిసి పరీక్షించడం ఆయన మొదలుపెట్టాడు. నూరేళ్లు నిండాక 2021లో పోయాడు. ఈరోజు మానసిక వైద్యంలో ఎక్కువ పరీక్షలకి నిలిచిన పద్ధతుల్లో అదొకటి.

ఆ పరీక్ష ఎలా ఉంటుందో మన వీధిలోని ఒక అమ్మాయి నోట్‌బుక్కులో చూపిస్తా. పేరు చెప్పనని మాటిచ్చా, కనుక్కోవడానికి చూడొద్దు. ఇంటర్ మొదటి సంవత్సరం. ఫిజిక్సులో అర్థంకాక అల్లాడేది, అయినా నోరు తెరిచి సారుని అడిగేది కాదు. "అడిగితే అందరూ నవ్వుతారవ్వా" అనేది. నేను వాదించలేదు. నవ్వరులే అని చెప్పడానికి నేనేమైనా వాళ్ల క్లాసులో కూర్చున్నానా? లాంగ్ నోట్‌బుక్ తీసి ఎడమపక్క పేజీలో ఏం జరుగుతుందనుకుంటున్నావో రాయమన్నా. ముందే రాయాలి, లెక్కతో సహా రాయాలి. క్లాసులో అరవైమంది. "60 మందీ నవ్వుతారు. సారు అరుస్తాడు. వారంరోజులు ఎగతాళి చేస్తారు" అని నీలం పెన్నుతో రాసింది. 60 కింద రెండు గీతలు కూడా గీసింది.

సాయంత్రం కుడిపక్క పేజీ ఇదీ: "ఇద్దరు నవ్వినారు. సారు మెచ్చుకోలేదు, అరవలేదు. బోర్డు మీద మళ్లీ వేసినాడు. ఇంటర్వెల్లో పక్కబెంచీ అమ్మాయి ఆ స్టెప్పు నాకూ అర్థం కాలేదు అనింది."

రెండోసారికి ఎడమపక్క అంకె 20 అయింది. ఆ తర్వాత 5. ఒకరోజు మాత్రం నిజంగానే తిక్క ప్రశ్న అడిగినట్టుంది, కుడిపక్కన ఇలా ఉంది: "క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. లంచికి ఎవరికీ గుర్తులేదు." నాకు అన్నిటికంటే విలువైన పేజీ అదే. భయపడింది జరగలేదు కాబట్టి కాదు. జరిగింది, అయినా ఎడమపక్క రాసుకున్నంత నష్టం లేదు.

దీంట్లో మర్మం ఒకటే. అనుకున్నదీ జరిగిందీ వేరువేరుగా ఉన్నప్పుడే మెదడు కొత్తది గట్టిగా నేర్చుకుంటుంది. అడగకుండా మిన్నకుంటే ఆ తేడా దానికి ఎప్పటికీ కనిపించదు. పైగా మిన్నకున్న ప్రతిసారీ 'హమ్మయ్య, తప్పించుకున్నాం' అని ఒక ఊరట కలుగుతుంది చూడండి, ఆ ఊరటే భయానికి మేత. ముందే రాయమనడం కూడా అందుకే. తర్వాత అడిగితే, మనసు ఎంత మాయలాడిదంటే, 'నేను అంత భయపడలేదులే' అంటుంది. అప్పుడు పాఠం మళ్లీ పోయినట్టే.

చిన్నవాటితో మొదలుపెట్టండి. క్లాసులో మాట్లాడాలంటేనే వణికేవాళ్లు ముందు కొట్టువాణ్ని చిల్లర సరిగ్గా ఇమ్మని అడిగి చూడండి. స్టేజీ ఎక్కి ఉపన్యాసం ఇమ్మని నేను అనడం లేదు.

ఇప్పుడు ఉత్తరానికి అసలు కారణం. బాగానే ఉన్నారు, నెల గడిచింది, ఒకరోజు పరీక్షముందు రాత్రి పాత మాట మళ్లీ వస్తుంది: 'నా వల్ల కాదు.' ఇంక అయిపోయింది, ఇన్నాళ్లు చేసిందంతా వేస్టు అనుకుని నోట్‌బుక్ మూలన పడేస్తారు. ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

రష్యాలో పావ్లోవ్ కుక్కల కథ టెన్తులో చదివే ఉంటారు. శబ్దం వినిపించి అన్నం పెడుతూ పోతే, తర్వాత శబ్దానికే కుక్కకి నోట్లో నీళ్లూరేవి. ఆ తర్వాత సంగతి చాలామందికి చెప్పరు. శబ్దం చేసి అన్నం పెట్టడం మానేస్తే నీళ్లూరడం మెల్లగా ఆగిపోయింది. సరే మరిచిపోయిందనుకుని, కొంత విరామం ఇచ్చి మళ్లీ శబ్దం చేస్తే, మళ్లీ నీళ్లూరాయి! అంటే మొదట నేర్చుకున్నది చెరిగిపోలేదు, దాని పైన రెండో పాఠం వచ్చి కూర్చుంది, అంతే. నిద్ర తక్కువైనప్పుడు, జ్వరంలో, ఇంట్లో గొడవైనప్పుడు, కొత్త ఊళ్లో హాస్టల్లో చేరినప్పుడు పాతది పైకి తేలుతుంది. అది మీ ఓటమి కాదు, మెదడు పనిచేసే తీరే అది. వచ్చినప్పుడు దాంతో తగువు పెట్టుకోకుండా, 'ఆఁ, వచ్చావా' అనుకుని ఎడమపక్క పేజీలో రాసి, చేయాల్సిన లెక్క మొదలుపెట్టండి. మొదలుపెట్టాక కూడా అది పక్కనే గొణుగుతా ఉంటే గొణగనివ్వండి.

ఎన్నాళ్లు పడుతుందంటారా? ఇరవై ఒక్క రోజుల మాట ఎక్కడిదంటే, ముఖాలకి ఆపరేషన్లు చేసే ఒక అమెరికా డాక్టరు 1960లో, కొత్త ముఖానికి అలవాటుపడటానికి మనుషులకి కనీసం 21 రోజులు పడుతోందని రాశాడు. జనం 'కనీసం' వదిలేసి అంకె పట్టుకున్నారు. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీవాళ్లు 96 మందిమీద నిజంగా లెక్కగట్టిన అధ్యయనం 2010లో అచ్చయింది. మంచినీళ్లు తాగడం, పరుగెత్తడం లాంటి అలవాట్లు కుదురుకోవడానికి మధ్యస్థంగా 66 రోజులు, కొందరికి 18, కొందరికి 254 రోజులు పట్టొచ్చని తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. ఏళ్లనాటి ఆలోచనకి ఇంకొంచెం ఎక్కువే పట్టొచ్చు. పట్టనీ.

నిద్ర గురించి ఒక్కమాటే: పగలు నేర్చుకున్నది గట్టిపడేది నిద్రలో. అర్ధరాత్రిదాకా ఫోను పట్టుకుని పొద్దున నోట్‌బుక్ రాస్తే లాభం ఉండదు. ఇది మీకు అమ్మానాన్నలు రోజూ చెప్తారు కాబట్టి నేను ఆపేస్తున్నా.

కానీ ఒక జాగ్రత్త. ప్రతి చేదు ఆలోచనా తప్పుడు ఆలోచన కాదు. ఎవరైనా మిమ్మల్ని కొడుతున్నా, తాకకూడని చోట తాకుతున్నా, కులం పేరుతోనో రంగు పేరుతోనో రోజూ అవమానిస్తున్నా, అక్కడ మార్చాల్సింది మీ ఆలోచన కాదు. నోట్‌బుక్ మూసి పెద్దవాళ్లకి చెప్పండి. ఒక పెద్దమనిషి వినకపోతే ఇంకొకరికి చెప్పండి. ఫీజు కట్టలేదని నాన్న దిగులుపడుతుంటే ఆయనకి మెదడు ట్రైనింగ్ గురించి చెప్పబోకండి, నన్ను తిట్టుకుంటాడు.

వారాలకొద్దీ అన్నం సయించక, నిద్రపట్టక, దేనిమీదా మనసు లేకుండా ఉంటే అది జబ్బు. షుగరుకి డాక్టరు దగ్గరికి పోయినట్టే దీనికీ పోవాలి. సిగ్గేముంది? ఇక్కడ రుయా ఆస్పత్రి ఉంది. చచ్చిపోతే బాగుండనే ఆలోచన ఒక్కసారి తొంగిచూసినా సరే, దాన్ని నోట్‌బుక్కులో పెట్టుకుని పరీక్షించొద్దు, ఆ నిమిషంలోనే మనిషికి చెప్పండి. ఎవరూ దగ్గర లేకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అని 2022లో ప్రభుత్వం పెట్టింది. పగలూ రాత్రీ పలుకుతుంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. అర్ధరాత్రయినా మా ఇంటి తలుపు కొట్టినా సరే, నాకు ఎలాగూ నిద్ర తక్కువ.

నోట్‌బుక్ కొనేదానికి డబ్బులడగబోకండి. పోయినేటి నోట్సుల్లో వెనకపేజీలు ఖాళీగానే ఉంటాయని నాకు తెలుసు. ముందుపేజీలు కూడా ఖాళీగా ఉన్నవాళ్లు మీలో ఇద్దరున్నారు, వాళ్ల సంగతి ఇంకో ఉత్తరంలో.

ఇట్లు,
మీ సైన్సు అవ్వ