‘రన్’ అంటే పరుగెత్తడమేనా? అపోహలు – వాస్తవాలు

పదిహేనేళ్లుగా ఇంగ్లీష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. సాయంత్రాలు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీష్ చెబుతాను. ఈ రెండు పనుల్లోనూ నన్ను ఎక్కువసేపు ఆపేవి పెద్ద పెద్ద మాటలు కావు. రన్, సెట్, గెట్ లాంటి బుల్లి మాటలే. వీటి గురించి పాతుకుపోయిన అపోహలు చాలానే ఉన్నాయి. ‘రన్’ ఒక్కదాన్నే తీసుకుని చెబుతాను.

అపోహ: చిన్న మాట కాబట్టి సులువు.

వాస్తవం: ‘ఫోటోసింథసిస్’ చూడగానే పిల్లలకు టెన్షన్. కానీ దానికున్నది ఒకటే అర్థం. కిరణజన్య సంయోగక్రియ అని ఒకసారి తెలిస్తే చాలు. ‘రన్’ అలా కాదు. ఇంగ్లీషులో ముక్కు రన్ అవుతుంది, నది రన్ అవుతుంది, కొత్త చీర ఉతికితే రంగు కూడా రన్ అవుతుంది. మనకు ముక్కు కారుతుంది, నది పారుతుంది, రంగు దిగుతుంది. అక్కడ ఒక్క మాట, ఇక్కడ మూడు క్రియలు. మాట వాడుక ఎంత ఎక్కువైతే దాని అర్థాలు అంత పెరుగుతాయని అమెరికా భాషా పరిశోధకుడు జార్జ్ జిఫ్ 1945లోనే రాశారు.

అపోహ: ‘రన్’కు 645 అర్థాలున్నాయి, అన్నీ రావాలి.

వాస్తవం: ఆ అంకె నిజమే. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో ముద్రణలో అన్నిటికన్నా పొడవైన వివరణ ‘సెట్’ది. తర్వాత మూడో ముద్రణ కోసం పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చుని ‘రన్’ను తిరగరాశారు. ఒక్క క్రియారూపానికే 645 అర్థాలు తేలాయి. ఒక మాట కోసం తొమ్మిది నెలలు! ఆ ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను. అయితే అది చరిత్ర రాసే నిఘంటువు. వాడుక పోయిన అర్థాలను కూడా తీసేయకుండా దాస్తుంది. కాబట్టి ఆ అంకె చూసి బెంబేలు పడొద్దు.

అపోహ: ఈ అర్థాలకు ఒకదానితో ఒకటి పొంతన లేదు. బట్టీ పట్టడమే దారి.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసేది ఇదే. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి గైడు చూసి ‘రన్’కు ఇరవై అర్థాలు అప్పజెప్పింది. ‘ది లీజ్ హ్యాజ్ టూ ఇయర్స్ టు రన్’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయింది. ఆ ఇరవైలో ఇది లేదు. అప్పుడు ఇద్దరం కలిసి వెనక్కి నడిచాం. కాళ్లతో పరుగెత్తడం మొదటిది. ఆగకుండా సాగడం దాని లోపలి భావం. నీళ్లు సాగుతాయి, రోడ్డు ఊరు దాటి సాగుతుంది, యంత్రం ఆగకుండా తిరుగుతుంది. యంత్రాల కాలం వచ్చాక ఈ వైపు అర్థాలు బాగా పెరిగాయి: రైలు, గడియారం, ఇప్పుడు కంప్యూటర్ ప్రోగ్రామ్. అలాగే గడువు కూడా సాగుతుంది. ‘లీజు ఇంకా రెండేళ్లుంది’ అని ఆ అమ్మాయే చెప్పింది. నేను చెప్పలేదు.

ఒక జాగ్రత్త. ప్రతి చిన్న మాటకూ ఇలా ఒకే వేరు ఉండదు. ‘సెట్’ క్రియ పాత ఇంగ్లీష్ నుంచి వచ్చింది. గిన్నెల సెట్టు అనేటప్పటి ‘సెట్’ లాటిన్ నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చింది. స్పెల్లింగ్ ఒకటే, పుట్టిల్లు వేరు.

అపోహ: ఇంగ్లీష్‌కే ఈ గజిబిజి. తెలుగులో ఒక మాటకు ఒకటే అర్థం.

వాస్తవం: ‘కొట్టు’ తీసుకోండి. కొబ్బరికాయ కొడతాం, చప్పట్లు కొడతాం, ఈత కొడతాం, గోడకు సున్నం కొడతాం, కాపీ కొడతాం. కూర కంపు కొడుతుంది, క్లాసు బోర్ కొడుతుంది. వీటిలో దెబ్బ ఎక్కడుంది? ‘ఆడు’ కూడా అంతే. సినిమా వంద రోజులు ఆడుతుంది, పిండిమర ఆడుతుంది, ఊపిరి ఆడదు. అక్కడ ఇంగ్లీష్ వాళ్లు సినిమాకూ మరకూ ‘రన్’ అనే అంటారు. దుకాణాన్ని వాళ్లు పరుగెత్తిస్తారు, మనం నడుపుతాం. ఎన్నికల్లో అమెరికా అభ్యర్థి ‘రన్’ అవుతాడు, బ్రిటన్ అభ్యర్థి ‘స్టాండ్’ అవుతాడు, మనవాడూ నిలబడతాడు. నాకు ఈ పోలికలంటే ప్రాణం.

అపోహ: మాటకు మాట పెడితే అనువాదం అయిపోతుంది.

వాస్తవం: క్రికెట్‌లో అయింది. బ్యాటర్ కదలకుండా ఫోర్ కొట్టినా మనకూ అవి నాలుగు ‘పరుగులే’. మిగతా చోట్ల కుదరదు. ‘బ్యాంక్ రన్’ను బ్యాంకు పరుగు అంటే ఎవరికీ అర్థం కాదు. డిపాజిట్లు వెనక్కి తీసుకోవడానికి జనం ఒక్కసారిగా ఎగబడ్డారని చెప్పాలి. పక్కన ‘అవుట్’ చేరితే ఇంకా జాగ్రత్త. మైదానంలో ‘రనౌట్’ ఒకటి, వంటింట్లో సరుకు ‘రనౌట్’ కావడం వేరొకటి. మొన్న ఒక కథలో ముసలావిడ కోడలితో ఉప్పు ‘రనౌట్’ అయిందంటుంది. మొదట ‘అయిపోయింది’ అని రాశాను. తప్పు కాదు. కానీ మా అమ్మమ్మ వంటింట్లో ఏదైనా అయిపోయిందనేది కాదు, లేదనేది కాదు. ఆ మాట కొట్టేసి ‘ఉప్పు నిండుకుందమ్మా’ అని రాశాను.