టోస్ట్ మెత్తబడితే తప్పు బ్రెడ్‌ది కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

కూరగాయలు వేయించి టోస్ట్ మీద వేసుకోవడం పది నిమిషాల పని. వంట నేర్పేటప్పుడు నేను చూసేదేమిటంటే, పెద్ద పెద్ద వంటలు చేసేవాళ్లు కూడా దీని దగ్గర తడబడతారు. కారణం, అక్కడా ఇక్కడా చెవిన పడ్డ మాటలు నమ్మడమే.

అపోహ: టోస్ట్ మెత్తబడిందంటే బ్రెడ్ మంచిది కాదు.

దాదాపు ప్రతిసారీ తప్పు పైన వేసిన కూరదే. పుట్టగొడుగులు, టమాటా, క్యాప్సికం, వీటన్నిట్లో 90 శాతానికి పైగా నీరే. ముక్కలు వేసీ వేయగానే ఉప్పు చల్లితే ఆ నీరంతా బయటికి ఊరుతుంది. పెనంలో నీరు నిలిచినంతసేపూ ముక్కల వేడి 100 డిగ్రీలు దాటదు. అంచులు ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలు కావాలి. అంటే మనం వేయిస్తున్నామనుకుంటాం గానీ అవి ఉడుకుతుంటాయి.

అందుకే వెడల్పాటి పెనం, పెద్ద మంట, ముక్కలు ఒకే వరసలో. కొద్దిసేపు కదపకుండా వదిలేయండి. చప్పుడు వినండి: నీరున్నప్పుడు బుడబుడమంటుంది, ఇగిరాక చిటపటలాడుతుంది. ఆ చప్పుడు మారాకే ఉప్పు, మిరియాల పొడి. అనుమానముంటే గరిటెతో కూర మధ్యలో ఒక గీత గీయండి. గీతలోకి చెమ్మ చేరితే ఇంకో నిమిషం ఉంచాలి.

అపోహ: మూత పెడితే త్వరగా అవుతుంది.

క్యారెట్, బీన్స్ లాంటి గట్టివాటికి నిజమే. చెంచాడు నీళ్లు చల్లి రెండు మూడు నిమిషాలు మూత పెట్టి, తర్వాత తీసి వేయించండి. మిగతావాటికి మూత జోలికి వెళ్లొద్దు.

అపోహ: పుట్టగొడుగులు కడిగితే నీళ్లు పీల్చేస్తాయి.

పీల్చేది చాలా కొంచెం. నానబెట్టకుండా గబగబా కడిగి, గుడ్డతో తుడిచి వాడండి. మట్టితో తినడం కంటే అది నయం కదా!

అపోహ: టోస్ట్‌కి అప్పుడే వచ్చిన మెత్తటి బ్రెడ్డే బాగుంటుంది.

నాకైతే నిన్నటిదే ఇష్టం. తడి కొంత తగ్గి ఉంటుంది కాబట్టి కరకరలాడేలా కాలుతుంది. అలాగని ఫ్రిజ్‌లో దాచకండి. ఆ చల్లదనంలో పిండిపదార్థం త్వరగా బిరుసెక్కి బ్రెడ్ గట్టిపడుతుంది. ఎక్కువ రోజులు ఉంచాలంటే ఫ్రీజరే మేలు, అందులోంచి తీసిన ముక్కను నేరుగా కాల్చుకోవచ్చు. బూజు కనబడితే మాత్రం ఆ మేరకు గిల్లేసి మిగతాది తినొద్దు. బూజు పోగులు కంటికి కనబడకుండా లోపలికి పాకి ఉంటాయి.

అపోహ: వెన్న రాస్తే ఇంకా మెత్తబడుతుంది.

ఉల్టా. పలుచగా రాసిన వెన్న గానీ చీజ్ గానీ కూర చెమ్మను బ్రెడ్‌లోకి దిగకుండా అడ్డుకుంటుంది. ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. కాల్చిన టోస్ట్‌ను వెంటనే పళ్లెంలో పరిస్తే అడుగున ఆవిరి పట్టి తడిసిపోతుంది. ఒక నిమిషం జాలీ మీదో, రెండు ముక్కలను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టో ఉంచండి.

అపోహ: ఎంత ముదురుగా కాలిస్తే అంత కరకర.

కరకర తడి పోవడం వల్ల వస్తుంది, మాడడం వల్ల కాదు. సన్నటి మంట మీద బంగారు రంగు వచ్చేదాకా చాలు. 120 డిగ్రీలు దాటాక పిండిపదార్థాల్లో ఆక్రిలమైడ్ అనే, ఒంటికి మంచిది కాదని అనుమానించే రసాయనం ఏర్పడుతుంది, రంగు ముదిరేకొద్దీ అది పెరుగుతుంది.

రంగు మాట వచ్చింది కాబట్టి: గోధుమరంగు బ్రెడ్లన్నీ ముడి గోధుమపిండివి కావు, కారమెల్ రంగు కలిపినవీ ఉంటాయి. ప్యాకెట్ వెనక పదార్థాల్లో మొదటి పేరు ముడి గోధుమపిండేనా అని చూడండి.

అపోహ: కూరగాయలు వేయిస్తే పోషకాలన్నీ పోతాయి.

సి విటమిన్ కొంత తగ్గుతుంది. టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీన్, క్యారెట్‌లో ఉండి ఒంట్లో ఎ విటమిన్‌గా మారే బీటా కెరోటిన్ మాత్రం ఉడికి, కాస్త నూనె తగిలితే ఒంటికి ఇంకా బాగా అందుతాయి.

అపోహ: ముందే చేసి పెట్టుకోవచ్చు.

కూర వరకే. అది మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు వాడుకోవచ్చు. తినేముందు పెనం మీద వేడిచేసి, ఊరిన నీరు ఇగిరాక, అప్పుడే కాల్చిన టోస్ట్ మీద పరచండి. కుప్పగా వద్దు, పలుచగా ఒక పొర.